పాప తైక్వాండో మానాలా, నీట్‌కి కూర్చోవాలా?

కర్నూలు సి.క్యాంపు నుంచి ఒకమ్మ అడిగారు. పాపకి 16 ఏళ్ళు, ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, తైక్వాండోలో స్టేట్ లెవెల్ సిల్వర్ వచ్చింది. బరువు 51 కిలోలు, కోచ్ 46 కేటగిరీలో దిగమంటున్నాడు, పాప రాత్రి తిండి మానేసింది. వాళ్ళ నాన్నేమో ఆడపిల్లకి ఈ తన్నులాటలేంటి, మానిపించి నీట్ కోచింగ్‌లో వేద్దాం అంటున్నాడు, ఏం చేయమంటారు మేడం అని.

అమ్మా, కెరీర్ సంగతి తర్వాత, ముందు ఆ అన్నం సంగతి తేల్చుకుందాం. జూనియర్ అమ్మాయిలకి (15 నుంచి 17 ఏళ్ళు) 46, 49, 52, 55 కిలోల లోపు అని ఇట్లా కేటగిరీలు ఉంటాయి, మీ పాప ఒక్క గ్రాము తగ్గకుండా 52లో ఆడొచ్చు. ఎదిగే పిల్ల దగ్గర ఐదు కిలోలు లాగేస్తే కాళ్ళలో కిక్ కొట్టే సత్తువ ఎక్కడ మిగులుతుంది? నా దగ్గరికి ఒక పిల్ల వచ్చింది, మే నెల మధ్యాహ్నం ఎండలో రెయిన్‌కోటు వేసుకొని గ్రౌండ్ చుట్టూ పరిగెత్తేదంట, నీళ్ళు కూడా మూతతో కొలిచి తాగేదంట. వాళ్ళమ్మ తెచ్చిన ఉగ్గాని పొట్లం విప్పి, వాసన చూసి, మళ్ళీ చుట్టి అమ్మ చేతికే ఇచ్చేసింది. నాలుగు నెలలుగా నెలసరి రాలేదని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఆ రోజే చెప్పింది, నాకు ఇప్పటికీ ఆ పిల్ల మొహం గుర్తొస్తుంది. మీరు కూడా ఈ రోజే పాపని పక్కన కూర్చోబెట్టుకొని అడగండి, నెలసరి ఆగిందంటే లేడీ డాక్టర్‌కి చూపించండి, హిమోగ్లోబిన్ ఎట్లాగూ చూపించండి. కోచ్ దగ్గరికి మీరిద్దరూ కలిసే వెళ్ళి 52లోనే దించమనండి. ఫైట్ కాకుండా పూమ్సే అనే విభాగం కూడా ఉంది, ఎదుటివాళ్ళతో తలపడకుండా కిక్‌లు, పంచ్‌లు వరుసగా చేసి చూపించడం అది, అందులో బరువు కేటగిరీలే ఉండవు, మన అరుణాచల్ అమ్మాయి రూపా బయోర్ 2024లో ఏషియన్ ఛాంపియన్‌షిప్‌లో అందులోనే బ్రాంజ్ తెచ్చింది. కానీ ఒలింపిక్స్‌లో పూమ్సే లేదు, అది తెలుసుకొనే వెళ్ళాలి.

నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది. ఒక్కసారి మ్యాచ్‌కి తీసుకెళ్ళండి ఆయన్ని. ఛాతీకి హోగు అనే మెత్తటి కవచం, తలకి హెల్మెట్, నోట్లో గార్డ్ ఉంటాయి. పొట్టకి కిక్ తగిలితే 2 పాయింట్లు, తలకి తగిలితే 3, ఒళ్ళు గిర్రున తిప్పి కొడితే ఇంకా ఎక్కువ, ఎంత లెక్కతో ఆడే ఆటో చూస్తే ఆయనకే తెలుస్తుంది. దెబ్బలే తగలవని మాత్రం నేను చెప్పను, మోకాలు చీలమండ జాగ్రత్త, తలకి తగిలి కళ్ళు తిరిగాయంటే వెంటనే ఆట ఆపి డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఈ ఆటలో టైమ్ తక్కువమ్మా. థాయ్‌లాండ్ ప్లేయర్ పానిపాక్ 49 కిలోల్లో టోక్యోలో, 2024 పారిస్‌లో రెండుసార్లు ఒలింపిక్ గోల్డ్ కొట్టి 27 ఏళ్ళకే ఆట వదిలేసింది. అంత గొప్ప ప్లేయర్‌కే అట్లా ఉంటే మన పిల్లకి ఆట తర్వాత ఏంటనేది ఇప్పట్నుంచే చూసుకోవాలి కదా. అందుకే రెండూ పట్టుకోమంటాను. నీట్ లాంగ్‌టర్మ్‌లో పడేస్తే ప్రాక్టీస్ పోతుంది, పిల్లకి డాక్టర్ అవ్వాలని లేకపోతే ఆ ఏడాది కూడా దండగే. ఇంటర్ మంచి మార్కులతో దాటనివ్వండి, బైపీసీ కాబట్టి ఫిజియోథెరపీ ఉంది (దానికి నీట్ అడుగుతున్నారేమో ముందే కనుక్కోండి), ఆటలో దెబ్బలు తిన్న పిల్లకి ఆ చదువు తొందరగా ఎక్కుతుంది. లేదా ఇక్కడే డిగ్రీలో చేరి యూనివర్సిటీ టీమ్‌లో ఇంటర్ యూనివర్సిటీ ఆడొచ్చు, తర్వాత పీఈసెట్ ఎంట్రన్స్ రాసి బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు) చేస్తే స్కూళ్ళలో పీఈటీ, అంటే వ్యాయామ టీచర్ పోస్టులకి దారి ఉంటుంది.

స్పోర్ట్స్ కోటా అంటే అందరూ మెడల్ చూస్తారు, ఆఫీసులో మాత్రం సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూస్తారు. ఈ ఆటలో మన దేశంలో సంఘాల మధ్య గొడవలు చాలా ఏళ్ళుగా ఉన్నాయి, గుర్తింపు లేని సంఘం పెట్టిన పోటీలో గోల్డ్ కొట్టినా కోటాలో పనికిరాదు. పాప సిల్వర్ సర్టిఫికెట్ తీసుకొని స్టేడియంలో జిల్లా స్పోర్ట్స్ ఆఫీసుకి వెళ్ళి, ఇది కోటాకి చెల్లుతుందా అని సూటిగా అడగండి, ఎంట్రీ ఫీజు కట్టే ప్రతి టోర్నీకి ముందు కూడా అదే అడగండి. బ్లాక్ బెల్ట్ అయితే అది కుక్కివాన్ (కొరియాలోని తైక్వాండో ప్రధాన కేంద్రం) ఇచ్చిన సర్టిఫికెటా కాదా చూసుకోండి.

ఈ రాత్రికి మాత్రం పాపకి సంగటి, పప్పు, గుడ్డు పెట్టండి, మీరు కూడా పక్కనే కూర్చొని తినండి. కోచ్ ఏమన్నాడో మళ్ళీ నాకు రాయండి.