కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఫారం సంగతి: మందుల సంచితో మొదలుపెట్టండి

మీ నాన్నగారిని తెనాలి నుంచి విజయవాడలో కొత్త డాక్టరుకు చూపించబోతున్నారు. అక్కడిచ్చే ఫారంలో పాత జబ్బులన్నీ రాయాలా, చుట్ట సంగతి రాయొద్దని ఆయన పట్టుబడుతున్నారు, ఏం చేయాలి అని అడిగారు. అన్నీ రాయాలండీ. కాకపోతే అక్కడికెళ్లాక కాదు, ఈ రాత్రికే ఇంట్లో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. సూర్యారావుపేట ఆసుపత్రుల్లో పొద్దుటిపూట రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ఆ టోకెన్ కేకల మధ్య అన్నిటికీ ‘నో’ అని టిక్ పెట్టేసి ఇచ్చేసేవాళ్లే ఎక్కువ.

మా అమ్మకు గుండె రక్తనాళంలో స్టెంట్ వేసినప్పటి నుంచి ఆవిడ ఫారాలన్నీ నేనే నింపుతున్నాను. ‘బీపీ ఉందా’ అంటే ‘లేదు’ అంటుంది. మరి పొద్దున్నే వేసుకునే ఆ చిన్న బిళ్ల దేనికమ్మా అంటే, ‘బీపీకే, వేసుకుంటున్నాగా, ఇప్పుడు నార్మలే’ అంటుంది. అదుపులో ఉంటే లేనట్టే అని ఆవిడ లెక్క. చాలామంది పెద్దవాళ్లది ఇదే లెక్క. అందుకే జబ్బుల పేర్లు అడగడం కంటే మందుల సంచి మంచం మీద బోర్లించడం మేలు.

ప్రతి షీటూ తిప్పి చూడండి. కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటాయి. అవీ, రోజుకు ఎన్నిసార్లు వేసుకుంటారన్నదీ రాసుకోండి. మందుల షాపులో కత్తిరించి ఇచ్చిన షీటు మీద పేరు సగమే మిగులుతుంది, అలాంటివి సంచితో సహా పట్టుకెళ్లండి. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతుంటే, ఆపరేషనైనా పన్ను తీయడమైనా డాక్టరుకు ముందే తెలియాలి. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, స్టెంట్ ఉన్నవాళ్లకు అది చాలా ప్రమాదం. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, ముఖ్యంగా కిడ్నీల సమస్య కూడా ఉంటే, రక్తంలోకి మందు ఎక్కించి తీసే సీటీ స్కానుకు ముందు ఆ మాట తప్పకుండా చెప్పాలి.

మోకాళ్లకు ఆర్‌ఎంపీ వేసే ఇంజెక్షన్లు, షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు, ఆయుర్వేదం చూర్ణాలు మనవాళ్ల దృష్టిలో మందులే కావు. వాటినీ రాయండి. నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎందుకు పెరిగిందో ఒక్కోసారి ఆ మందుల గడిలోనే తెలిసిపోతుంది.

పడని మందుల దగ్గర ‘సల్ఫా పడదు’ అని మందు పేరు ఒక్కటే రాసి వదిలేయకుండా వేసుకున్నాక ఏమైందో కూడా రాయండి. కడుపులో తిప్పడం వేరు, ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం వేరు. ఇంట్లోవాళ్ల జబ్బులు అడిగేచోట వయసు ముఖ్యం. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చి ఉంటే డాక్టర్లు దాన్ని గట్టిగా పట్టించుకుంటారు. పిల్లల డాక్టరు దగ్గరైతే మేనరికమా అని కూడా అడుగుతారు, మొహమాటపడొద్దు.

షుగరు ఎన్నేళ్లనుంచో రాస్తే ఇన్సూరెన్సు రాదని బంధువులు భయపెడతారు. మా ఇంట్లోనూ ఆ సలహా వచ్చింది. పాలసీ తీసుకున్నప్పుడు దాచి ఉంటే ఆ చిక్కు వేరు. దానికోసం మత్తు ఇచ్చే డాక్టరుకు తప్పు సమాచారం ఇవ్వడం నా మనసుకు అసలు ఒప్పదు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం, ముందే ఉందని చెప్పిన జబ్బుకు పాలసీ డబ్బులు ఇవ్వకుండా ఆగమనే నిరీక్షణ కాలం మూడేళ్లు దాటకూడదు. కాబట్టి పాలసీ తీసుకునేటప్పుడే చెప్పేయడం నయం.

ఇక చుట్ట సంగతి. కోడలి ముందు, మనవల ముందు ఆయన ఒప్పుకోరు, అది ఆయన గౌరవానికి సంబంధించిన విషయం. ఆ గడి ఖాళీగా ఉంచి, డాక్టరు గదిలోకి వెళ్లాక మీరు రెండు నిమిషాలు బయట ఉండండి. తాగుడు అలవాటుంటే అదీ అక్కడే చెప్పుకుంటారు. మిగతావాటిలో మాత్రం ఖాళీలు వదలొద్దు. గుర్తులేని చోట ‘తెలియదు’ అని రాయండి, తెలుగులో రాసినా ఫర్వాలేదు, నర్సమ్మ చదువుకుంటుంది.