కొండ వెనక పడిన అగ్నిగోళం: రాయి కోసం వెళ్లే ముందు

కదిరి దగ్గర మీ పల్లెలో నిన్న రాత్రి అగ్నిగోళం (బాగా వెలిగే ఉల్క) కనిపించిందనీ, తూర్పు కొండ వెనకే పడిందనీ, రాయి వెతకడానికి స్నేహితులతో బయల్దేరుతున్నామనీ రాశారు. కొండ ప్రయాణం ఒక్క రోజు ఆపండి. ముందు, నిన్న మీరు నిలబడిన చోటికి వెళ్లండి.

అగ్నిగోళం ఎవరికైనా పక్కనే పడినట్టు అనిపిస్తుంది. 2018 జనవరి 16 రాత్రి ఎనిమిది దాటాక అమెరికాలోని మిషిగన్‌ మీదుగా వెళ్లిన ఉల్కను నేను ట్రాయ్‌లో మా ఇంటి ముందు మంచు తీస్తూ చూశాను. వీధంతా పగలైపోయింది. కాసేపటికి దూరంగా ఉరిమినట్టు మోత. పక్కింటాయన పార్కులో పడిందన్నాడు, నాకు వెనక వీధి చెట్లలో పడినట్టుంది. రాళ్లు దొరికింది మాత్రం 50 కిలోమీటర్లకు పైగా పడమట, హాంబర్గ్ టౌన్‌షిప్‌లో గడ్డకట్టిన చెరువుల మీద.

రాయి నేల దాకా మండుతూ రాదు. సాధారణంగా 20, 30 కిలోమీటర్ల ఎత్తులోనే వెలుగు ఆరిపోతుంది. అక్కడి నుంచి గాలి నెట్టినవైపు జరుగుతూ చీకట్లో కొన్ని నిమిషాలు పడుతుంది. కాబట్టి కొండ వెనక వెలుగు ఆరిందంటే అది వంద కిలోమీటర్ల అవతల కూడా కావచ్చు. వెలుగు తర్వాత రెండు మూడు నిమిషాల్లో మోత వినిపించి ఉంటే మాత్రం ఆశ పెట్టుకోవచ్చు.

నిలబడిన చోట ఫోన్‌లో లొకేషన్, దిక్సూచి పెట్టుకుని వెలుగు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆరిందో, ఎంత ఎత్తులో ఉందో రాసుకోండి. తర్వాత పెట్రోల్ బంకులు, కొట్ల సీసీ కెమెరాల వాళ్లను వెంటనే అడగండి, పాత వీడియోలు కొన్నాళ్లకే చెరిగిపోతాయి. కెమెరా గడియారం ఎంత తేడాగా ఉందో కూడా చూసుకోండి. దూరదూరాల ఊళ్ల నుంచి అలాంటి వీడియోలు రెండు మూడు దొరికితే ఉల్క వచ్చిన దారి గీయొచ్చు. ఇంటర్నేషనల్ మీటియర్ ఆర్గనైజేషన్ వెబ్‌సైట్‌లో ఏ దేశం నుంచైనా వివరాలు నమోదు చేయొచ్చు.

మిషిగన్‌లో పడుతున్న రాళ్లు వాతావరణ రాడార్లలో కనిపించాయి. ఆ లెక్కతో అనుభవమున్నవాళ్లు రెండు రోజులకే మొదటి రాయి తీశారు. నేనూ స్నేహితుడూ ఆ వారాంతం వెళ్లాం. తెల్లటి మంచు మీద ప్రతి నల్ల చుక్కా గుండె ఆపేది. దగ్గరికెళ్తే ఎండుటాకు. ఆకు ఎండకు వేడెక్కి మంచులోకి దిగబడుతుంది, దూరం నుంచి అచ్చం రాయి పడ్డ గుంటే. మాకేమీ దొరకలేదు. దొరికినాయన ఒకరు కవర్లోంచే చూపించారు: మాడిన పెనంలా మెరుపు లేని నల్లటి పలుచని పెచ్చు, విరిగిన చోట బూడిదరంగు, అందులో సన్నటి లోహపు రేణువులు. అది చూసిన ఆనందం నాకింకా ఉంది.

మీ దగ్గర నల్లరాళ్లకు కొదవ లేదు, కొలిమి చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలే మడ్డి) కూడా దొరుకుతుంది. చిట్టెంలో బుడగల చిల్లులుంటాయి, ఉల్కారాయిలో దాదాపు ఉండవు. కాలిన గడ్డి, పెద్ద గొయ్యి కోసం చూడకండి. చిన్న రాళ్లు నిప్పు పెట్టేంత వేడిగా రావు. కోత కోసిన చేలు, ఎండిన చెరువులు, రోడ్లు, మిద్దెలు ముందు చూడండి. చేనుగలవాళ్లను అడగకుండా అడుగు పెట్టొద్దు.

దొరికితే ముందు ఫోటో, లొకేషన్. తర్వాత శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌తో పట్టుకుని పొడి కవర్లో వేయండి. కడగొద్దు. అయస్కాంతం అస్సలు తాకించొద్దు, సౌరకుటుంబం పుట్టిననాటి అయస్కాంత గుర్తులు అందులో మిగిలి ఉంటే చెరిగిపోతాయి. మన దేశంలో ఉల్కారాళ్లను భద్రపరిచేది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. దాని దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో ఉంది, అక్కడికి కబురు చేయండి. 1852లో నెల్లూరు వైపు, 1870లో పార్వతీపురం వైపు పడిన రాళ్లు శాస్త్రవేత్తల దాకా చేరాయి, మీదీ చేరాలి.

మోత వినిపించిందా, ఎంతసేపటికి వినిపించింది? అది మాత్రం ఇక్కడ రాయండి.