దుమ్ములగొండికి దగ్గరి చుట్టం ముంగిసే, కుక్క కాదు

"హైనా చూడ్డానికి అచ్చం కుక్కలా ఉంటుంది కదా, శాస్త్రవేత్తలు దాన్ని పిల్లుల వైపు ఎందుకు వేశారు? ముంగిస ఎలుక జాతేనా?" అని ఒకరు అడిగారు. హైనా, అదే మన దుమ్ములగొండి, కుక్క కాదు. ముంగిస ఎలుక అసలే కాదు. ఈ రోజు బతికున్న జంతువుల్లో దుమ్ములగొండికి అన్నిటికన్నా దగ్గరి చుట్టాలు ముంగిసలు, మడగాస్కర్‌లో ఉండే వాటి దాయాదులు. పిల్లులు, పునుగు పిల్లులు వాటి తర్వాతే.

మేముండేది బెంగళూరులో, కేఆర్ పురం దాటాక ఒక లేఅవుట్‌లో. పక్క సైటు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటంతో పొదలు పెరిగి, ముంగిసలు చేరాయి. మొన్న వానల్లో ఒక పొద్దున బాల్కనీ లోంచి చూస్తే, ఒక ముంగిస పెద్ద ఆఫ్రికా నత్తను దొర్లించుకుంటూ కాంపౌండ్ గోడ దాకా తెచ్చింది. గోడకు వీపు పెట్టి నిలబడి, నత్తను ముందుకాళ్లతో పట్టుకుని, వెనక్కాళ్ల సందులోంచి గోడకేసి కొట్టింది. గుల్ల పగల్లేదు. వెళ్లి తెచ్చుకుని మళ్లీ కొట్టింది. చివరికి చిట్లాక, పెంకులు పక్కకు లాగేసి, జిగురంతా గడ్డికి తుడిచి మరీ తింది.

ఆ వారమే అసోసియేషన్ మీటింగ్‌లో ఒకాయన "పెద్ద ఎలుకలు తిరుగుతున్నాయి, పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలుద్దాం" అన్నారు. ముంగిసకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉందని, పట్టినా చంపినా నేరమని లేచి చెప్పాను. సగం మంది ఫోన్లలోంచి తలెత్తలేదు. పాము కనబడితే టెన్షన్ పడి గ్రూపంతా మెసేజ్‌లతో నింపేస్తారు, ఆ పామును తినే జంతువును మాత్రం వెళ్లగొడదామంటారు. ఖాళీ సైటు కనబడితే చెత్త పోయడం, నిప్పు పెట్టడం వేరే బాధ.

అసలు విషయానికొస్తే, ఆకారం చూసి వంశం తేల్చకూడదు. ఒకే యూనిఫాం వేసుకున్న ఇద్దరు వాచ్‌మన్లు అన్నదమ్ములైపోరు కదా. 1869లోనే విలియం ఫ్లవర్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త మాంసాహార జంతువుల పుర్రెల అడుగుభాగం పరిశీలించి, ముఖ్యంగా చెవి దగ్గరుండే ఉబ్బెత్తు ఎముకను బట్టి వాటిని గుంపులుగా విడదీశాడు. పిల్లుల వైపు వాటిలో ఆ ఎముక లోపల రెండు గదులుంటాయి. దుమ్ములగొండి, ముంగిస ఆ వైపువే. తర్వాత వచ్చిన డీఎన్ఏ పరీక్షలూ అదే చెప్పాయి.

మరి కుక్క పోలిక ఎక్కడిదంటారా? కుక్కల వంశం పుట్టింది ఉత్తర అమెరికాలో. కోటి ఏళ్ల కిందట అవి ఇంకా ఆసియా, యూరప్‌లకు రాలేదు. ఇక్కడ సన్నటి కాళ్లతో పరిగెత్తి వేటాడే పని హైనాలే చేసేవి, అందులోనూ ఎన్నో రకాలు. తర్వాత కుక్కలు ఇటు దిగాయి, ఆ హైనాలు కనుమరుగయ్యాయి. కుక్కలతో పోటీయే వాటి కొంప ముంచిందని నా గట్టి నమ్మకం. ఇప్పుడు మిగిలింది నాలుగే: చారలది, మచ్చలది, గోధుమరంగుది, చెదపురుగులు తిని బతికే ఆర్డ్‌వుల్ఫ్. మన దేశంలో ఉన్నది చారలదొక్కటే.

మడగాస్కర్‌లో ఫోసా అని ఒకటుంది. చూస్తే చిన్న చిరుతలా ఉంటుంది, పండితులే దాన్ని ఒకసారి పిల్లుల్లో, ఒకసారి పునుగుల్లో వేశారు. ఆ దీవిలోని స్థానిక మాంసాహార జంతువులన్నీ ముంగిసలకు దగ్గరైన ఒకే పూర్వీకుడి సంతానమని 2003లో డీఎన్ఏ తేల్చింది.

ఇంత తేలాక కూడా పిల్లలకు అమ్మే చార్టుల్లో దుమ్ములగొండి తోడేలు పక్కనే ఉంటుంది. మా అమ్మాయి ప్రాజెక్టులో ముంగిస పక్కన పెట్టిస్తే స్కూల్లో మార్కు తగ్గించారు. వెళ్లి మాట్లాడాను, సిలబస్ అలాగే ఉందన్నారు. మీ ఇంట్లో అలాంటి చార్టు ఉంటే పెన్ను తీసుకుని సరిచేయండి.