కొనుక్కున్న రెడిట్ యాప్ ఇప్పుడు నెల నెలా డబ్బు కట్టమంటోంది. ఇది డెవలపర్ అత్యాశ కాదా?

ఒకసారి డబ్బు కట్టి కొన్న యాప్‌కి మళ్లీ నెల నెలా కట్టడం ఏమిటన్నది మీ ప్రశ్న. మీ కోపం న్యాయమైనదే. కానీ డెవలపర్ మీద కోపపడే ముందు ఆ డబ్బు ఎటు పోతోందో చూడండి. నేను ఇలాంటి యాప్ ఒకదానికి ఇప్పటికీ కడుతున్నాను.

మీది రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్ సొంత యాప్ కాదు, వేరే డెవలపర్ చేసిన బయటి యాప్. ఇలాంటి బయటి యాప్‌లు రెడిట్ సర్వర్ నుంచి పోస్టులు, కామెంట్లు తెచ్చుకునే దారినే ఏపీఐ అంటారు. 2023 వరకు అది ఉచితం. అందుకే ఒక్కసారి అమ్మిన డబ్బుతో డెవలపర్ ఏళ్ల తరబడి యాప్ నడపగలిగాడు. ఆ ఏడాది జులై నుంచి రెడిట్ వెయ్యి రిక్వెస్టులకి 0.24 డాలర్ల ధర పెట్టింది. ఫీడ్ తెరిస్తే ఒక రిక్వెస్టు, పోస్టు నొక్కితే ఇంకొకటి, ఓటేస్తే మరొకటి. కరెంటు మీటరులా అది తిరుగుతూనే ఉంటుంది.

అపోలో యాప్ చేసిన క్రిస్టియన్ సెలిగ్ అప్పట్లో తన లెక్కలన్నీ బయటపెట్టాడు. ఆయన యాప్‌లో సగటు యూజర్ రోజుకి 344 రిక్వెస్టులు పంపేవాడు. అంటే ఒక్కొక్కరి మీద నెలకి దాదాపు 2.50 డాలర్లు, మొత్తం యాప్‌కి ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్లు! ఇదంతా రెడిట్‌కి కట్టాల్సిందే. యాప్ స్టోర్ తీసుకునే 15 నుంచి 30 శాతం కమీషన్ దీనికి అదనం. యాడ్స్ వేసుకుని రాబట్టుకుందామంటే కొత్త నిబంధనల్లో అదీ కుదరదు. అపోలో, రెడిట్ ఈజ్ ఫన్ 2023 జూన్ 30న మూతపడ్డాయి. రిలే, నార్వాల్ లాంటివి సబ్‌స్క్రిప్షన్‌కి మారి నిలబడ్డాయి. మీరు చాలా ఏళ్ల కిందట కట్టిన మొత్తం ఈ ఖర్చు ముందు ఎన్ని నెలలు ఆగుతుందో మీరే చెప్పండి.

ఇక నా సంగతి. చిన్న అక్షరాలు చదివితే నాకు కళ్లు లాగేస్తాయి. అక్షరం సైజు, వరుసల మధ్య ఖాళీ, కామెంట్లు మడతపెట్టే తీరు నాకు కావలసినట్టు పెట్టుకోగలిగింది నేను కడుతున్న యాప్‌లోనే. పొడవాటి చర్చలు హాయిగా చదవగలుగుతున్నాను కాబట్టి కడుతున్నాను. ఇందులో రోజువారీ రిక్వెస్టులను బట్టి ప్లాన్లు ఉన్నాయి. ఆటో రిఫ్రెష్ ఆపేశాక కింది ప్లాన్ సరిపోతోంది. మీ యాప్‌లోనూ అలాంటి సెట్టింగ్ ఉందేమో చూడండి. మీకు చూపు సమస్య ఉంటే మాత్రం డబ్బు కట్టే ముందు రెడ్‌రీడర్ వాడి చూడండి. దృష్టి లోపం ఉన్నవాళ్లకి పనికొచ్చే యాప్ అని రెడిట్ దానికి ఏపీఐ రుసుము మినహాయించింది. ఆ మినహాయింపు కోసం అంధ యూజర్లు గట్టిగా పోరాడారు, వాళ్లంటే నాకు చాలా గౌరవం.

కట్టాలనుకుంటే నెలవారీదే తీసుకోండి. ఏడాది ప్లాన్ చవకగా కనిపించినా నేను తీసుకోను. 2023 జనవరిలో ట్విట్టర్ ముందస్తు మాట లేకుండా ట్వీట్‌బాట్, ట్విటరిఫిక్ లాంటి బయటి యాప్‌లని ఆపేసింది. ఏడాది డబ్బు కట్టినవాళ్లకి రీఫండ్ ఇవ్వాల్సిన భారం ఆ చిన్న డెవలపర్ల మీదే పడింది. తలుపు తాళం వేరేవాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఏడాది ముందుగా కట్టడం మీకూ రిస్కే, వాళ్లకీ రిస్కే.

రోజుకి ఐదు నిమిషాలు చూసేవారైతే అసలు కట్టకండి, బ్రౌజర్ చాలు. మానేసేటప్పుడు ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్ల పేజీకి వెళ్లి రద్దు చేసి, ఆ తర్వాత రెడిట్ అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ఇచ్చిన అనుమతి కూడా తీసేయండి.