పాఠకుల ప్రశ్నలు – జవాబులు: జర్మనీ లడాయి నాటి సంగతులు

మన పెద్దలు జర్మనీ లడాయి అన్నది మొదటి ప్రపంచ యుద్ధాన్నే. 1914 నుంచి 1924 దాకా ప్రపంచాన్ని అతలాకుతలం చేసిన యుద్ధాలు, విప్లవాల గురించి ప్రశ్నలు పంపవలసిందిగా కిందటి సంచికలో కోరినాము. నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఈసారి తీసుకుంటున్నాము. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, మన్నించాలి.

ప్రశ్న: మా పాత ఇల్లు విప్పుతుంటే దూలాల సందులో ఒక చిన్న చెక్కపెట్టె దొరికింది. అందులో చార్మినారు బొమ్మ ఉన్న వెండి రూపాయలు పదకొండు, మడతల దగ్గర చిరిగిన నిజాం కాలపు పదిరూపాయల నోటు ఒకటి ఉన్నాయి. జర్మనీ లడాయి నాడు వెండి మాయమై కాగితం వచ్చిందని మా తాత అనేవాడట. ఎక్కడో ఐరోపాలో జరిగిన యుద్ధానికీ మా ఊరి వెండికీ ఏమి సంబంధం? ఆ యుద్ధం మన వైపు నిజంగా తాకిందా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మీ తాతగారి మాటలో పొల్లు లేదమ్మా. నాటి హైదరాబాదు రాజ్యానికి సొంత నాణెం ఉండేది. దానిని హాలీ సిక్కా అనీ, ఇంగ్లీషువారి రూపాయిని కల్దార్ అనీ పిలిచేవారు. ఆరు కల్దారులకు ఏడు హాలీలు మారకం. రెండింటిలోనూ ఉన్నది వెండే కనుక, వెండి ధర నిలకడగా ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది రాలేదు. 1914లో యుద్ధం మొదలైన తరువాత ఇంగ్లీషు ప్రభుత్వం ఇక్కడి జనపనార, తోళ్లు, గోధుమలు, నూనెగింజలు విరివిగా కొన్నది. సుమారు 13 లక్షల మందిని సిపాయిలుగా, కూలీలుగా సముద్రాలు దాటించింది. ఈ కొనుగోళ్లకూ జీతాలకూ రూపాయలు కావలసి వచ్చినాయి, రూపాయలు కొట్టడానికి వెండి కావలసి వచ్చింది, అదే సమయంలో ప్రపంచమంతటా వెండి ధర ఎగబాకింది. చివరికి రూపాయి మీద రాసి ఉన్న విలువకన్నా దానిని కరగబెడితే వచ్చే వెండికే ఎక్కువ ధర పలికే పరిస్థితి ఏర్పడింది. అటువంటప్పుడు తెలివైన గృహస్థు ఏమి చేస్తాడు? చేతికి వచ్చిన వెండిని దూలాల సందులో దాచి, కాగితాన్ని బజారులో ఖర్చు పెడతాడు. మీ పెద్దలు చేసినది అదే. ఒక్క నోటు మాత్రం ఏ కారణం చేతనో ఖర్చు కాకుండా మిగిలింది.

ఇంగ్లీషు ఇండియాలో 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటు వచ్చింది, ఆ వెంటనే 1918లో రెండున్నర రూపాయల నోటు వచ్చింది. వెండి కరువు ఎంత తీవ్రమైనదంటే, అమెరికా 1918లో ప్రత్యేకంగా చట్టం చేసి తన ఖజానాలోని వెండి డాలర్లను కరగించి భారతదేశం కోసం ఇంగ్లండుకు అమ్మింది. హైదరాబాదు టంకశాలకూ ఇదే గతి పట్టడంతో, నిజాం ప్రభుత్వం 1918లో కాగితపు నాణెం చట్టం చేసి మొదట పది, నూరు రూపాయల నోట్లను, తరువాత ఒకటి, అయిదు రూపాయల నోట్లను విడుదల చేసింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులలో కూడా వాటి మీద విలువ అచ్చయ్యేది. అయితే మీకు దొరికిన నోటు 1918 నాటిదేనని అప్పుడే అనుకోకండి. ఈ పదిరూపాయల నోట్లు ఆ తరువాత చాలా ఏండ్లు అచ్చవుతూనే ఉన్నాయి. నోటు మీది సంతకం ఏ ఆర్థిక మంత్రిదో చూస్తే కాలం తేలుతుంది. నాణేలను గుర్తుపట్టడం ఇంతకన్నా తేలిక: చార్మినారు నడిమి ద్వారంలో ఉర్దూ అక్షరం 'ఐన్' ఉంటే అది ఉస్మాన్ అలీఖాన్ కాలపుది, 'మీమ్' ఉంటే ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ కాలపుది. అన్నట్టు, ఆ నోటును ప్లాస్టిక్ పొరలో వేడితో అతికించే పని మాత్రం చేయించకండి. మడతలు విప్పి మంచి కాగితాల నడుమ పెడితే చాలు.

ఇక యుద్ధం మన వైపు తాకిందా అన్న మాట. మన చెలకలలో పండే ఆముదాల సంగతి చెప్తాను, ఇది నాకు ఇష్టమైన ముచ్చట. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నాటి నుంచి నేటి దాకా ఆముదాల పంటకు పేరుపడినవే. ఆ రోజులలో యుద్ధ విమానాలకు వాడిన ఇంజన్లలో ఒక రకం విచిత్రమైనది. దానిలో పంకాతో పాటు ఇంజనంతా గిర్రున తిరిగేది. పెట్రోలూ నూనే ఒకే దారిన లోపలికి పోవలసిన ఏర్పాటు కావడం వల్ల, మామూలు ఖనిజ నూనె పెట్రోలులో కరిగి జారుడుగుణం కోల్పోయేది. ఆముదం పెట్రోలులో అంత సులువుగా కలియదు, ఇంజను వేడిలో కూడా జిగటను వదలదు. అందువల్ల ఆ ఇంజన్లకు ఆముదమే దిక్కయింది. వాడిన ఆముదం తిరిగి తొట్టిలోకి రాక గాలిలోకి చిమ్ముతూ విమానం నడిపేవాని ముఖం మీద పడేది, ఆ పొగ పీల్చినవారికి కడుపు ఆగేది కాదు. మన అమ్మమ్మలు చెంచాడు ఆముదం తాగించి సాధించే ఫలితమే ఆకాశంలో ఆ పడుచువాళ్లకు అడగకుండానే దక్కిందన్నమాట! ఆముదాలకు ప్రపంచంలో పెద్ద ఆధారం భారతదేశమే కావడం వల్ల, అమెరికా సైతం తన పొలాలలో వేయడానికి ఇక్కడి నుంచి విత్తనాలు తెప్పించుకున్నది.

విమానాల ముచ్చట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పాలి. ఇంగ్లండు వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అనే పేరు ఉండేది. దాని విమానాలకు డబ్బు ఇచ్చినది నిజాం. ఆయన కానుక అన్న మాటలు ఆ విమానాల మీద రాసి ఉండేవి. 1918 సెప్టెంబరు నుంచి అవి ఫ్రాన్సులోని స్థావరాల నుంచి లేచి జర్మనీ పట్టణాల మీద బాంబులు వేసినాయి. రాజ్యానికి ముఖ్యమైన రాబడి భూమిశిస్తు. శిస్తు కట్టినవాడు రైతు. కనుక ఆ విమానాల మీద దాత పేరు నిజాముదే అయినా అసలు కానుక ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏడే ఆయనకు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' అన్న బిరుదు వచ్చింది, రైతు నెత్తిన పెరిగిన ధరలు పడినాయి. బట్ట, కిరోసిను మొదలైన దిగుమతి సరుకులన్నీ ప్రియమైనాయి.

అయితే ఇవన్నీ ఒక ఎత్తు, 1918 వర్షాకాలం తరువాత వచ్చినది ఒక ఎత్తు. ఆ ఏడు వానలు ఎగ్గొట్టినాయి. తిండి కరువైన ఆ నెలలలోనే, ఐరోపా రణరంగాల నుంచి ఓడలెక్కి బొంబాయిలో దిగిన ఇన్‌ఫ్లూయెంజా జ్వరం రైలు మార్గాల వెంట దేశం లోపలికి పాకింది. జూన్‌లో వచ్చిన మొదటి విడత తేలికగా పోయింది గానీ, సెప్టెంబరు తరువాతి రెండవ విడత భయంకరమైనది. ముసలివాళ్లనూ పసివాళ్లనూ కాక ఇరవై, నలభై ఏండ్ల నడిమి గట్టి మనుషులను అది ఎక్కువగా తీసుకుపోయింది. దేశం మొత్తం మీద కోటి ఇరవై లక్షలకు తక్కువ కాకుండా చనిపోయినారని అంచనా. యుద్ధంలో చనిపోయిన భారతీయ సిపాయిలు సుమారు 74 వేలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. హైదరాబాదు రాజ్యపు జనాభా 1911లో 1 కోటి 33 లక్షల పైచిలుకు ఉండగా, 1921లో 1 కోటి 24 లక్షల పైచిలుకుకు పడిపోయింది. పదేండ్లలో పెరగవలసినది పెరగకపోగా 9 లక్షల మంది తగ్గినారు. మీ వంశవృక్షంలో ఆ కాలపు తరంలో చిన్నవయసులో పోయినవాళ్లు ఎక్కువగా కనిపిస్తే కారణం బహుశా ఇదే కావచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో ఉన్న ఒక పాత భూమి కాగితం మీద 1327 ఫసలీ అని రాసి ఉంది. అది ఏ సంవత్సరం? ఇంకొక సందేహం. రష్యా అక్టోబరు విప్లవాన్ని నవంబరు 7న ఎందుకు జరుపుతారు?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: మీరు తెలిసి అడిగినారో తెలియక అడిగినారో గానీ, రెండు ప్రశ్నలకూ ఒకే ఏడు జవాబు. హైదరాబాదు రాజ్యంలో కచేరీ లెక్కలన్నీ ఫసలీ సంవత్సరంతో నడిచేవి. అక్టోబరు మొదటివారంలో ఆజూరు నెలతో ఆ సంవత్సరం మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఫసలీకి 590 కలిపితే, జనవరి నుంచి సెప్టెంబరు దాకా 591 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఆ లెక్కన 1327 ఫసలీ అంటే 1917 అక్టోబరు నుంచి 1918 అక్టోబరు దాకా.

రష్యాలో అప్పటికి పాత జూలియన్ క్యాలెండరే వాడుకలో ఉండేది. అది మిగతా ఐరోపా కంటే 13 రోజులు వెనుక నడిచేది. నాటి రాజధాని పెట్రోగ్రాడులో లెనిన్ పక్షం వారైన బోల్షివిక్కులు అధికారం చేజిక్కించుకున్నది ఆ క్యాలెండరు ప్రకారం అక్టోబరు 25, మన లెక్కన నవంబరు 7. కొత్త ప్రభుత్వం ఆ తేడాను తీసివేయడానికి 1918 జనవరి 31 మరునాడే ఫిబ్రవరి 14 అని ప్రకటించింది. రొట్టెల కోసం వరుసలలో నిలబడి విసిగిన స్త్రీలు వీధిలోకి వచ్చిన 'ఫిబ్రవరి' విప్లవం కూడా నిజానికి మార్చిలోనే మొదలైంది.

విప్లవం జరిగిన మరునాడే, అంటే 1327 ఫసలీ మొదలై నెల గడిచిన రోజులలో, భూస్వాముల హక్కును నష్టపరిహారం లేకుండా రద్దు చేస్తూ అక్కడ భూమి శాసనం వెలువడింది. ఆ సమయంలో మన దగ్గర దేశ్‌ముఖుల గడీల ముందు వెట్టి నడుస్తున్నది. ఆ వార్త ఇక్కడి పల్లెకు చేరే దారి ఏది? 1913లో మహబూబ్‌నగర్ నుంచి వెలువడిన 'హితబోధిని' వంటి ఒకటి రెండు ప్రయత్నాలు తప్ప ఈ రాజ్యంలో తెలుగు పత్రికలు లేవు. నల్లగొండ నుంచి 'నీలగిరి' 1922లో, హైదరాబాదు నుంచి సురవరం ప్రతాపరెడ్డి గారి 'గోలకొండ' 1926లో వచ్చినాయి. దేవరకొండలో 1931లోనూ, షాద్‌నగర్‌లో 1936లోనూ జరిగిన ఆంధ్ర మహాసభ (నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ) సమావేశాలలో కూడా ధోరణి మితవాదమే. 1944లో భువనగిరి సభ నాటికి గానీ అది వామపక్షం వైపు మలుపు తిరగలేదు. కొందరు మన తెలంగాణ సాయుధ పోరాటాన్ని పెట్రోగ్రాడు నుంచి దిగుమతి అయిన సరుకుగా రాస్తారు. నేను ఒప్పుకోను. పోరాడే భాష కొంత అక్కడినుంచి వచ్చి ఉండవచ్చు. వెట్టి, లెవీ, భూమి నుంచి బేదఖలు మాత్రం అచ్చంగా ఇక్కడివే.

ప్రశ్న: ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలలో ఒకటి మన హైదరాబాదు సిపాయిదని, హైఫా నగరాన్ని మన గుర్రపుదళం గెలిచిందని విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, కొల్లాపూర్

జవాబు: సగం నిజం. ఆ మూడు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ గుర్రపుదళాలకు గుర్తు. ఈ దళాలన్నీ ఒకే బ్రిగేడులో సూయజ్ కాలువ కాపలా నుంచి పాలస్తీనా దాకా పనిచేసినాయి. కానీ 1918 సెప్టెంబరు 23న హైఫా మీద ఈటెలతో దూకినవి జోధ్‌పూర్, మైసూరు దళాలు. ఆ రోజు హైదరాబాదు దళం ఆ దాడిలో లేదు. అంతమాత్రాన మన దళానికి వచ్చిన లోటేమీ లేదు, నాలుగేండ్లు ఎడారిలో ఉండి వచ్చినవాళ్లకు లేని ఘనతను అంటగట్టనక్కరలేదు.

ప్రశ్న: బిడ్డకు జ్వరం ముదిరితే హైదరాబాదులో నీలోఫర్ ఆసుపత్రికి తీసుకుపోయినాము. నీలోఫర్ అంటే టర్కీ రాజకుమారి పేరని ఆటో నడిపే ఆయన చెప్పినాడు. టర్కీ రాజకుమారికి హైదరాబాదులో ఏమి పని?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: ముందుగా, బిడ్డ కోలుకున్నదని తలుస్తాను. ఆటో ఆయన చెప్పింది సరైనదే. 1914లో టర్కీ సుల్తాను జర్మనీ వైపు చేరి, ఖలీఫా (ముస్లిం లోకానికి పెద్ద) హోదాలో ఇంగ్లీషువారి మీద జిహాదు ప్రకటించినప్పుడు, ఆ మాట వినవద్దనీ ఇంగ్లీషువారి పక్షాన నిలవాలనీ ముస్లింలకు బహిరంగంగా చెప్పినవాడు మన నిజాం. యుద్ధంలో ఓడిన ఆ సామ్రాజ్యం ముక్కలైంది. ముస్తఫా కెమాల్ నాయకత్వంలోని కొత్త ప్రభుత్వం 1922లో సుల్తాను పదవిని, 1924 మార్చి 3న ఖలీఫా పదవిని రద్దు చేసి ఆ కుటుంబాన్నంతా దేశం నుంచి వెళ్లగొట్టింది. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో చేతిలో చిల్లిగవ్వ లేని స్థితికి వచ్చినప్పుడు, ఆయనకు నెలకు 300 పౌండ్ల భత్యం ఏర్పాటు చేసినది అదే నిజాం. పదేండ్లలో లోకం అట్లా తలకిందులైంది.

1931 నవంబరు 12న నీస్‌లోనే ఖలీఫా కూతురు దుర్రూషెహవార్‌ను నిజాం పెద్దకొడుకు ఆజంజా, ఆ వంశానికే చెందిన నీలోఫర్‌ను రెండవ కొడుకు మొఅజ్జంజా పెండ్లాడినారు. నీలోఫర్ 1916లో, యుద్ధం మంచి ఊపులో ఉన్నప్పుడు, ఇస్తాంబుల్‌లో పుట్టింది. ఎనిమిదేండ్ల వయసులో దేశం విడిచింది, పదిహేనేండ్లకు నిజాం కోడలైంది. ఆమె దగ్గర పనిచేసే ఒక స్త్రీ కాన్పు కష్టమై, తగిన వైద్యం అందక చనిపోయింది. నీలోఫర్‌కు పిల్లలు లేరు. ఆ చావు ఆమెను ఎంతగానో కలచివేసింది, తల్లులకూ పిల్లలకూ ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టింది. మీరు పోయినది ఆ ఆసుపత్రికే. 1953లో అది తెరుచుకునేనాటికి నీలోఫర్ హైదరాబాదు వదిలిపోయింది, భర్తతో విడాకులు కూడా అయినాయి. 1989లో ఆమె పారిస్‌లో కన్నుమూసింది. దుర్రూషెహవార్ పేరున కూడా పురానీ హవేలీ దగ్గర ఒక ఆసుపత్రి ఉన్నది.