ఓర్వకల్లులో డ్రోన్ షూట్‌కి సర్టిఫికెట్ కావాలా?
అన్నా, రాక్ గార్డెన్‌లో ప్రీ వెడ్డింగ్ షూట్‌కి 900 గ్రాముల డ్రోన్ ఎగరేస్తే సర్టిఫికెట్ ఎందుకు అన్నారు కదా. 2 కిలోల లోపు మైక్రో డ్రోన్‌కి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదనేది నిజమే, కానీ 2021 డ్రోన్ రూల్స్‌లో ఆ మినహాయింపు సరదాకి ఎగరేసేవాళ్లకే, పెళ్లివాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాక అది వ్యాపారమే, ఫ్రెండ్ పెళ్లి అని బుకాయించినా కుదరదు. యూఐఎన్ నంబరు (డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబరు), థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఎలాగూ ఉండాలి.

అసలు టెన్షన్ పక్కనే ఉన్న కర్నూలు ఎయిర్‌పోర్టుతో. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు నొక్కి చూడండి. ఎరుపైతే కేంద్రం అనుమతి లేకుండా లేపనే కూడదు, పసుపైతే ఏటీసీ (విమానాల రాకపోకలు నియంత్రించేవాళ్లు) అనుమతి కావాలి. ఎయిర్‌పోర్టు ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు దాకా ఆకుపచ్చ, అంటే అనుమతి అక్కర్లేదు. జరిమానా లక్ష దాకా ఉంది, నన్నడిగితే ఆ ఒక్క షాట్ దూరంగా పొలాల్లో తీసుకోండి.