వారసత్వంతో వచ్చారు సరే, పనిచేసింది ఎవరు?

"ప్రధానులైన ఆడవాళ్ళంతా మొగుడి పేరో నాన్న పేరో చెప్పుకుని వచ్చినోళ్ళేగా, సొంతంగా చేసిందేముంది" అని ఒకరు అడిగారు. మన పక్క దేశాల వరకు చూస్తే మొదటి సగం చాలావరకు నిజమే. రెండో సగం మాత్రం నేను ఒప్పుకోను.

ప్రపంచంలో ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయిన మొదటి మహిళ సిరిమావో బండారనాయకే, 1960 జూలైలో, అప్పటికి శ్రీలంక పేరు సిలోన్. ప్రధానిగా ఉన్న భర్తని 1959లో కాల్చి చంపితే పార్టీవాళ్ళు ఈవిడని ముందుకు తెచ్చారు. సానుభూతి ఒకసారి పనిచేస్తది, కానీ ఆవిడ మూడుసార్లు ప్రధాని అయింది, 1972లో దేశం రిపబ్లిక్ అయ్యి శ్రీలంక అని పేరు మారింది కూడా ఆవిడ హయాంలోనే.

ఇక ఇందిరాగాంధీ. 1966 జనవరిలో ప్రధాని శాస్త్రిగారు పోయాక కామరాజ్ లాంటి కాంగ్రెస్ పెద్దలు మన మాట వింటదిలే అనుకునే తెచ్చారు, పార్టీ ఓటింగులో ఆవిడకి 355 ఓట్లు, పోటీపడ్డ మొరార్జీ దేశాయ్‌కి 169. మూగబొమ్మ అని సోషలిస్టు నాయకుడు లోహియా ఎగతాళి చేశారు. ఆ మూగబొమ్మే 1969లో మొరార్జీ దగ్గర్నుంచి ఆర్థికశాఖ లాగేసుకుని జూలై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేసింది, పెద్దలు రాష్ట్రపతికి మన నీలం సంజీవరెడ్డిగారిని నిలబెడితే ఈవిడ వి.వి.గిరి వైపు నిలబడి గెలిపించుకుంది, పార్టీలోంచి గెంటేస్తే 1971 ఎన్నికల్లో 352 సీట్లతో తిరిగొచ్చింది. ఎమర్జెన్సీని నేను సమర్థించను, అది కూడా ఆవిడ ఖాతాలోదే.

నేనింత గట్టిగా చెప్పడానికి మా ఇంట్లో చూసిందే కారణం. మాది నెల్లూరు జిల్లా కావలి వైపు పల్లె. సర్పంచ్ సీటు మహిళకి రిజర్వ్ అయితే మా పెద్దమ్మని నిలబెట్టారు, గెలిచింది, కానీ మీటింగులకి పోయేది పెదనాన్న, ఊళ్ళో సర్పంచ్ గారూ అని పిలిచేది కూడా ఆయన్నే. పెద్దమ్మ పని చెక్కుల మీద సంతకం. ఒకసారి తుఫాను వానలప్పుడు బ్లీచింగ్ పౌడర్ బిల్లు తెచ్చారు. ఏమనిపించిందో ఏమో, పెన్ను పక్కన పెట్టి చెప్పులేసుకుని పంచాయతీ ఆఫీసు వెనక గదికి పోయి బస్తాలు లెక్కపెట్టింది, నేను కూడా వెంట పోయినా, బిల్లులో రాసినదాంట్లో సగం కూడా లేవు. "రేపు ఎవరన్నా అడిగితే చెప్పుకోవాల్సింది నేను గదయ్యా, సరుకు మొత్తం దించినాక రాండి" అని చెక్కుబుక్కు బీరువాలో పెట్టి తాళం వేసేసింది. పెదనాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత గ్రామసభలో కుర్చీలో పెద్దమ్మే కూర్చుంది, కుళాయిల గొడవలు ఆవిడే తేల్చేది. ఆవిడని తెచ్చింది పెదనాన్నే, కాదనను, కానీ ఆ తాళం ఎవరు వేయమంటే వేసింది?

ఇంటిపేరు లేకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారండీ. బ్రిటన్ ప్రధాని థాచర్ వాళ్ళ నాన్నది కిరాణా కొట్టు, ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మెయిర్ వడ్రంగి కూతురు, మెర్కెల్ సైంటిస్టు, జర్మనీని 16 ఏళ్ళు నడిపింది. అయినా వారసత్వం లెక్క ఆడవాళ్ళ దగ్గరే ఎందుకు తీస్తారో నాకు అర్థం కాదు, రాజీవ్ గాంధీ వచ్చింది ఏ దారిలో?

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. మా జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా ఉద్యమానికి ప్రభుత్వమే దిగొచ్చి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేసింది. ఉత్తరప్రదేశ్ కి 1963లోనే సుచేతా కృపలానీ ముఖ్యమంత్రి అయ్యారు, పక్కనే తమిళనాడుకి జయలలిత అన్నిసార్లు అయ్యారు, ఇంత ఉద్యమం చేసిన మన రాష్ట్రానికి మాత్రం 1956లో ఏర్పడినప్పటి నుంచి మహిళా ముఖ్యమంత్రి ఒక్కరు కూడా లేరు, వారసురాలిగా కూడా ఎవరూ రాలేదు. ఇది మాత్రం నాకు అస్సలు మింగుడుపడదు.